వణికే కారుని గుత్తకి పట్టినవాణ్ణి

గుత్త

అమలాపురంలో కారు రిపేరుని గుత్తకి ఒప్పుకున్న మొదటి తెలివితక్కువవాణ్ణి నేనే. రెండోవాడు ఇంతవరకూ రాలేదు. షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ఘనత నా పేరునే ఉంది. ఎవరైనా లాక్కుంటారేమోనన్న భయం కూడా లేదు.

గుత్త అంటే ఏమిటో మా కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతాను. కొబ్బరితోట ఉన్న రైతు కాపుని ముందుగానే ఒక ధరకి వర్తకుడికి ఇచ్చేస్తాడు. వర్తకుడు చెట్ల కింద ఓసారి నడిచి, తల ఎత్తి గెలలు చూసి, ఒక అంకె చెబుతాడు. ఆ తరవాత విరగకాసినా లాభం వాడిదే, గాలివానకి రాలిపోయినా నష్టం వాడిదే. నేను కార్లని అలా పట్టేవాణ్ణి. కారు చుట్టూ తిరిగి, కాస్త దూరం నడిపి చూసి, ఫలానా జబ్బు పోగొట్టడానికి ఇంత అని చెప్పేవాణ్ణి. సామాను ఖర్చు నాది, కుర్రాళ్ళ కూలి నాది. జబ్బు పోతే ఆ అంకె ఇవ్వాలి. పోకపోతే పైసా ఇవ్వక్కర్లేదు, కారు తోలుకుపోవచ్చు.

తోటి మెకానిక్కులు నవ్వారు. పప్పులు తూచేవాడు పానా పడితే ఇలాగే ఉంటుందన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మాది పచారీ కొట్ల కుటుంబం. నాన్నగారు, బాబాయిలు, అన్నయ్య, అందరూ తరాజు వెనకాల కూర్చున్నవాళ్ళే. నేను పుట్టినప్పుడు మా నాన్నగారు మంత్రసానితో కూడా బేరమాడి, కవలలైతే రెండో బిడ్డని కొసరుగా చూడాలని ఒప్పించారట. ఒక్కణ్ణే పుట్టి ఆయన్ని నష్టపరిచాను. ఆ తరవాత కొట్టు వదిలేసి ఇంజన్ల కింద దూరి రెండోసారి నష్టపరిచాను. దానికి ఇప్పటికీ నాకు విచారం లేదు. చింతపండు ముద్దలో గింజలెన్నో, రాళ్ళెన్నో లెక్కపెడుతూ బతకడం కన్నా ఒంటికి గ్రీజు పూసుకు బతకడం నయమనిపించింది. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, అనుభవం చెప్పండి మేస్త్రీగారూ అంటారు. అనుభవం అంటే వాళ్ళ ఉద్దేశం ఏ బోల్టు ఎంత బిగించాలో అని. అది పుస్తకాల్లో ఉంటుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే: యాక్సిలరేటరు మీద కాలు నొక్కితే వణికే కారు దగ్గర మనిషి ఎలా తప్పుతాడో. అది నాకు బాగా తెలుసు.

ఉస్తాద్ గారి పద్ధతి

నాకు పని నేర్పిన ఉస్తాద్ గారికి కాకినాడలో పెద్ద షెడ్డు ఉండేది. ఆయన చెయ్యి మంచిది. పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. కాలు నొక్కి పికప్ పెంచేటప్పుడు కారు వణుకుతోందండీ అని ఎవరైనా వస్తే ముందు ప్లగ్గులు మార్చేవారు. పోకపోతే పాయింటు, ఆ తరవాత ఫిల్టరు, అటుపైన క్లచ్ ప్లేటు. ఎక్కడో ఒకచోట వణుకు ఆగేది. ఆఖరున మార్చినదే జబ్బని తేల్చి, అన్నిటికీ బిల్లు వేసేవారు.

నేను ఓసారి ఉండబట్టలేక అడిగాను, మరి ముందు మార్చినవాటి సంగతేమిటని. ఆయన బీడీ తీసి, “అవి కూడా ఎప్పటికైనా పోయేవే కదరా” అన్నారు.

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. పాపభీతి వల్ల కాదు. ఎదుటివాడు ఏం కొంటున్నాడో చెప్పకుండా అమ్మడం మా ఇంట్లో చేతకానితనం కింద లెక్క. కల్తీ చేసేవాడికి కూడా తను ఏం కలుపుతున్నాడో తెలుసు. ఉస్తాద్ గారికి అదీ తెలీదు. ఆ కోపంలోంచే గుత్త పుట్టింది. సామాను ఖర్చు నా జేబులోంచి పోతుంటే ఊరికే మార్చను కదా, ముందు ఆలోచిస్తాను కదా అని నా వాదన.

అయితే ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క మాట మాత్రం నా షెడ్డు మూసేవరకూ అన్నం పెట్టింది. “కారు ఎక్కడ వణుకుతోందని ఆసామీని అడక్కు, వాడికి తెలీదు. ఎప్పుడు వణుకుతోందని అడుగు. అది వాడికే తెలుసు.”

నిలబెట్టి రైజ్ చేసినప్పుడు కూడా వణికితే ఇంజన్లో వెతకాలి. నిలబెడితే బాగానే ఉండి, గేరు వేసి లాగేటప్పుడే వణికితే ఇంజన్ని పట్టుకున్న రబ్బర్లు, వాటినే మేం ఫౌండేషన్లంటాం, లేదా చక్రాలకి తిప్పుడు తీసుకెళ్ళే షాఫ్టు. కాలు తీసినా, నొక్కినా ఒక వేగం దగ్గర వణుకుతూనే ఉంటే చక్రాలు. తెల్లారి వణికి మధ్యాహ్నానికి సర్దుకుంటే అది వేరే కథ.

అంతర్వేది వ్యాను

ఆ వేరే కథ అంతర్వేది నుంచి వచ్చింది. చేపల వర్తకుడి పెట్రోలు వ్యాను. తెల్లవారుజామున సరుకు ఎక్కించుకుని బయల్దేరగానే కాలు నొక్కితే జ్వరమొచ్చినట్టు వణికేదట. అమలాపురం చేరేసరికి మామూలైపోయేది. దాంతో ఏ మెకానిక్కు ముందు నిలబెట్టినా దానికి రోగం ఉండేది కాదు. వర్తకుడికే ఏదో భ్రమ అని తేల్చేవారు.

ఎప్పుడండీ అని అడిగితే ఆయనే చెప్పేశారు. రాత్రంతా సముద్రం పక్కన నిలబడుతుంది, తెల్లారి వణుకుతుంది. నేను గుత్త మాట్లాడుకుని, ప్లగ్గులకి వెళ్ళే తీగల మీద చెంబుతో నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి స్టార్టు చేయించాను. వ్యాను వణికిపోయింది. ఉప్పుగాలికి తీగల పైతొడుగు పెళుసెక్కి చిట్లింది, తడి తగలగానే నిప్పు పక్కదారి పడుతోంది. కొత్త తీగలు వేసి పంపాను.

ఆయన డబ్బు దగ్గర మొండికేశారు. నాలుగు తీగలకి ఇంత గుత్తా అన్నారు. కాపు బాగా దిగితే గుత్తదారుని తిరిగిచ్చెయ్యమంటారా అండీ అని అడిగాను. ఆయన నవ్వి ఇచ్చేశారు. ఆ మర్నాడు ఓ బుట్టెడు రొయ్యలు కూడా పంపారు. ఆ రొయ్యలే నా కొంప ముంచాయి. ఇంక ఏ వణుకైనా నాకు లొంగుతుందనుకున్నాను.

సత్యవేణి గారి బేరం

తొంభైల చివర్లో ఒక ఉదయం రాజోలు నుంచి ఓ తెల్లటి డీజిలు టాక్సీ వచ్చింది. ఏ కంపెనీదో రాయను, ఆ కంపెనీకీ నాకూ తగాదా లేదు. ముందు సీట్లో డ్రైవరు నూకరాజు, వెనక సీట్లో ఆసామీ సత్యవేణి గారు. ఆవిడ భర్త గల్ఫులో పనిచేసేవారు. ఆయన పంపిన డబ్బుతో ఆవిడ పాత కారు కొని టాక్సీ తిప్పిస్తున్నారు. కారు వెతికి, చూసి, కొనిపెట్టినది ఆవిడ బావగారు, అంటే భర్తకి అన్నగారు, సుబ్బారాయుడు గారు.

కారు కాలు నొక్కితే వణుకుతోంది. ఇద్దరు మెకానిక్కులు క్లచ్ ప్లేటు మార్చి, ఇంజన్లోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు మార్చి, చేతులెత్తేశారు. ఎక్కినవాళ్ళు మళ్ళీ ఎక్కడం లేదు. ఆ మధ్య ఓ కుటుంబం పెళ్ళి కుదరని కొడుకుని తీసుకుని మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణానికి బయల్దేరితే, కారు వంతెన ఎక్కేటప్పుడల్లా వణికిందట. ముసలావిడ అపశకునమని దారిలో దింపించుకుని బస్సెక్కింది. ఆ మాట రాజోలంతా పాకింది. ఇప్పుడు సుబ్బారాయుడు గారు, అచ్చిరాని బండి అమ్మా, నష్టానికైనా నేనే తీసుకుంటాను, ఇచ్చెయ్యి అంటున్నారు. కొత్త కాపు దిగేలోగా కారు దార్లో పడకపోతే ఇచ్చెయ్యక తప్పదు. ఆవిడ సొంతంగా పెట్టుకున్న పని అదొక్కటే.

ఇదంతా ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. నేను కారు నడిపి చూసి వచ్చి, గుత్త రెండున్నర వేలన్నాను.

“మీకు జబ్బు తెలిసిందాండీ?” అని అడిగారు.

“ఇంకా లేదండి. తెలుసుకుంటాను.”

“తెలిస్తే ఇంత అవ్వదు కదండీ. తెలీకపోతే ఇంత అని ఎల్లా చెప్పేరండీ?”

 తరాజు వెనకాల పుట్టినవాణ్ణి, స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్న మనిషి ముందు వెనక్కి తగ్గాను. రెండు వేలన్నాను. ఆవిడ ఇంకో గుక్క తాగారు. క్లచ్ ప్లేటూ నాజిళ్ళూ వాళ్ళెలాగూ మార్చేశారు కాబట్టి ఆ ఖర్చు నాకు మిగిలినట్టే కదా అన్నారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పదిహేను వందల దగ్గర ఆగాం. ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయారు. అన్నయ్య సాయంత్రం ఈ సంగతి విని, ఆవిణ్ణి మన కొట్లో కూర్చోబెడితే బావుండునన్నాడు.

నా డబ్బుతో ఉస్తాద్ గారినయ్యాను

నూకరాజుని అడిగాను, ఎప్పుడు వణుకుతుందని. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. “ఎప్పుడూ వణుకుద్దండి. కాలు నొక్కితే చాలండి. తీస్తే ఉండదండి” అన్నాడు. ఖాళీగానా, మనుషులు ఎక్కినప్పుడా అని అడిగాను. కారు కప్పుకేసి చూసి, “ఏదైనా ఒకటేనండి” అన్నాడు. కప్పుకేసి చూసి జవాబు చెప్పే మనిషిని కొట్లో అయితే మా అన్నయ్య అరువివ్వడు. నేను నమ్మేశాను.

నిలబెట్టి రైజ్ చేస్తే ఇంజను చక్కగా ఉంది. రెండో గేరులో లాగితే సీటు కింద నుంచి దడదడ. ఫౌండేషన్లు కాస్త మెత్తబడ్డాయి, మార్చాను. వణుకు పోలేదు. షాఫ్టు రెండు చివర్లా క్రాసులుంటాయి, మనిషి మణికట్టులా తిరిగే కీళ్ళు. వాటిలో లూజు లేదు. లేకపోయినా మార్చాను. పోలేదు. షాఫ్టే వంగిందేమోనని ఊడదీసి, బస్సు మీద వేసుకుని రాజమండ్రి లేతు మిషను దగ్గరికి మోసుకెళ్ళాను. వాళ్ళు తిప్పి చూసి, సూదిలా ఉందన్నారు.

అప్పుడు గ్రహించాను, నేను చేస్తున్నది అచ్చం ఉస్తాద్ గారి పనే. ఆయన ఊరివాళ్ళ డబ్బుతో చేసేవారు, నేను సొంత డబ్బుతో చేస్తున్నాను. గుత్త పెట్టుకుంటే మనిషి ఆలోచిస్తాడన్న నా సిద్ధాంతం అక్కడ బోల్తా పడింది. డబ్బు పోతుందన్న భయం పట్టినవాడు ఆలోచించడు, ఏదో ఒకటి మారుస్తాడు. కుర్రాళ్ళూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ స్థితిలో సుబ్బారాయుడు గారు స్కూటరు మీద వచ్చారు. పెద్దమనిషి, తెల్ల పంచె, మాట మెత్తన. కారు చుట్టూ తిరిగి, నా పక్కన కూర్చుని, ఎంతదాకా ఖర్చయిందని అడిగారు. కొంచెం పెంచి చెప్పాను, అలవాటు కొద్దీ.

“దానికేముందండీ, అది నేనిచ్చేస్తాను. ఈ బండి బాగవ్వదని మా మరదలికి మీరొక్క మాట చెప్పెయ్యండి. మీ మాటైతే వింటది.”

నిజం చెప్పాలంటే ఆ డబ్బు నాకు అవసరమే. చెప్పేస్తే పోయేది కూడా, తప్పించుకోవడానికి దారి దొరికింది. కాని నేను పెంచి చెప్పిన అంకెని ఆయన ఒక్క రూపాయి తగ్గించమనలేదు. మా వీధిలో బేరమాడకుండా ఒప్పుకున్నవాణ్ణి దొంగనోటు ఇచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. అడిగినంత ఇస్తున్నాడంటే, ఆ సరుకు అంతకన్నా ఎక్కువ విలువ చేస్తుందని వాడికి తెలుసన్నమాట. అచ్చిరాని బండి మీద ఈయనకి ఇంత ముచ్చటెందుకు?

“గుత్త మాట్లాడుకున్నానండి. తేలిందాకా వదల్ను” అన్నాను.

“ఆయ్, మీ ఇష్టం. నష్టపోతారని చెప్పేనంతే” అని స్కూటరెక్కారు.

బియ్యం బస్తాలు

మర్నాడు కారు మరోసారి నడిపి చూద్దామని పి.గన్నవరం వైపు బయల్దేరాను. నూకరాజు పక్కన కూర్చున్నాడు. అన్నయ్య రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి ఆపాడు. గన్నవరం దగ్గర మిల్లులో నాలుగు బియ్యం బస్తాలున్నాయి, వచ్చేటప్పుడు వేసుకురా అన్నాడు. ఇది ఊరివాళ్ళ కారు, రిపేరుకి వచ్చిందన్నాను. ఖాళీగా వెనక్కి రావడమేమిట్రా అన్నాడు. మా అన్నయ్యకి చక్రాలున్నది ఏదైనా ఖాళీగా తిరిగిరావడం పాపం.

వెళ్ళేటప్పుడు కారు యథాప్రకారం వణికింది. గన్నవరంలో కాలవని గోదావరి పాయ దాటించే అక్విడక్టు వంతెన ఎక్కేటప్పుడు కాలు నొక్కితే అద్దాలు కూడా టకటకలాడాయి. మిల్లు దగ్గర రెండు బస్తాలు డిక్కీలో, రెండు వెనక సీట్లో వేయించాను. పరాయివాళ్ళ సీటు మీద బియ్యం బస్తాలు వేసిన మెకానిక్కుని నేను. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు.

తిరుగుదారిలో అదే అక్విడక్టు దగ్గర, అదే గేరులో, కాలు నొక్కాను. కారు పడవలా ఎక్కింది. ఇంకా నొక్కాను. వణుకు లేదు. దిగి, ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించాను. లేదు. రోడ్డు పక్కన నిలబెట్టి ఇంజను కట్టేశాను.

“నూకరాజూ, ఈ కారులో నువ్వు రోజూ ఏం మోస్తున్నావు?”

ఈసారి కప్పుకేసి చూడలేదు. కాలవకేసి చూశాడు. “కాయలండి” అన్నాడు.

ఒక్కొక్కటే బయటికొచ్చింది. పొద్దున్నే మొదటి బేరానికి ముందు సుబ్బారాయుడు గారి తోటలోంచి ఒలిచిన కొబ్బరికాయల బస్తాలు ఈ కారులోనే మార్కెట్ యార్డుకి వెళ్తున్నాయి. సత్యవేణి గారికి చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నారు. నూకరాజుకి ఈ డ్రైవరు పని ఇప్పించింది ఆయనే, కాదనలేకపోయాడు. కాయలున్నప్పుడు వణకదని అతనికి తెలుసు. అది చెబితే కాయల సంగతి చెప్పాలి. అందుకని ఏదైనా ఒకటేనన్నాడు.

“కారు కొన్న వారంలోనే పట్టీ ఎక్కించేరండి బావగారు” అన్నాడు ఆఖరున.

నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. కోనసీమలో కారు కొంటే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ తరవాత చేయించే మొదటి పని వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టల్లో ఒక్కో ఇనప పట్టీ అదనంగా ఎక్కించడం. అయిదుగురు కూర్చునే కారులో పదిమందీ, రెండు గెలలూ, ఓ మేకపిల్లా ఎక్కుతారు కాబట్టి వెనక కుంగకుండా ఆ జాగ్రత్త. నా షెడ్డుకి వచ్చే ప్రతి కారుకీ అది ఉండేది. ఎన్నో కార్లకి నేనే ఎక్కించాను. ఈ కారు కింద ఎన్నిసార్లు పడుకున్నానో, ఆ పట్టీలు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. మా ఇంటి గుమ్మం కనిపించనట్టే అవీ నాకు కనపడలేదు.

మామూలు కారుకి ఆ పట్టీ ఎక్కితే ఏమీ కాకపోవచ్చు. దీనికి ఎక్కించింది మందపాటిది, ఏ పెద్ద బండిదో. ఖాళీగా ఉన్నప్పుడు కారు వెనకభాగం నెమలి తోకలా పైకి లేచి ఉంటోంది. అది లేవడంతో ముందు నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టు వాలు ఎక్కువైంది, రెండు చివర్ల కీళ్ళూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వంగాయి. మెల్లగా తిరిగితే సర్దుకుంటాయి. కాలు నొక్కి బలం పెట్టగానే వెనక ఇరుసు ముక్కు ఇంకాస్త పైకి లేస్తుంది, ఒక కీలు వంపూ రెండో కీలు వంపూ కలవవు, షాఫ్టు సాఫీగా తిరగలేక తన్నుకుంటుంది. అదే వణుకు. బస్తాలు వేస్తే వెనక దిగుతుంది, వాలు సరిపోతుంది, వణుకు ఉండదు. కారులో ఏదీ చెడిపోలేదు. సుబ్బారాయుడు గారి కాయలకి సరిగ్గా కుదిరేట్టు తయారైంది, అంతే. మనుషులకే కుదరలేదు.

షెడ్డుకి వచ్చి బస్తాలు దింపించి మళ్ళీ నడిపాను. వణికింది. ఆ వణుకు విని అంత సంతోషించిన మెకానిక్కు ఇంకొకడు ఉండడు.

పట్టీ

సత్యవేణి గారికి ఫోను చేయించాను. ఆవిడతో పాటు బావగారు కూడా వచ్చారు, పిలవకుండానే. నేను ఇద్దరికీ కలిపి చెప్పాను. పట్టీలు ఉంచితే ఎప్పుడూ బరువుతోనే తిప్పాలి. తీసేస్తే అయిదుగురు హాయిగా కూర్చుంటారు, అంతకు మించి బరువెత్తితే వెనక కుంగుతుంది. రెండింటికీ మధ్య కమాన్ల కింద ఏవో ఇనప ఆప్పులు పెట్టి ఇరుసు వాలు సర్దే మార్గం లేకపోలేదు, అది నేను గుత్తకి చెయ్యను. కాయల మాట నేను ఎత్తలేదు. నూకరాజు ఉద్యోగం నా నోటి మీద పోకూడదు. నాలుగు బస్తాల బరువుంటే వణకదని మాత్రం చెప్పాను.

“నాలుగు బస్తాల బరువు ఎందుకుంటదండీ టాక్సీలో?” అన్నారావిడ.

 ఆవిడ నూకరాజుని చూడలేదు, నన్ను చూడలేదు. బావగారి చెప్పులకేసి చూశారు. నాకు అర్థమైంది, ఇది ఆవిడకి కొత్త సంగతి కాదు. డీజిలు లెక్క ఎప్పుడో తేడా వచ్చి ఉంటుంది, ఎందుకన్నది ఇప్పుడు తేలింది.

“పట్టీలు తీసెయ్యండి మేస్త్రీగారూ.”

“తొందరెందుకమ్మా. తమ్ముడికో మాట రాద్దాం” అన్నారు సుబ్బారాయుడు గారు.

“రాయండి బావగారూ. పట్టీ ఎందుకు వేయించేరో కూడా రాయండి.”

“మరి కాయలెల్లా వెళ్తాయమ్మా?”

“లారీలో వెళ్తాయండి. కాయలకి వణుకొచ్చినా ఏం కాదు కదండీ.”

నేను జాకీ కోసం లోపలికి వెళ్ళిపోయాను, నవ్వు కనపడకుండా. నలభై ఏళ్ళలో కారు రిపేరుని ఒక్క మాటతో ముగించిన మనిషి ఆవిడే. బయటికి వచ్చేసరికి బావగారు కుర్చీలో గట్టిగా కూర్చుని ఉన్నారు. పట్టీలు దిగేవరకూ కదల్లేదు. దిగాక, ఇవి నా డబ్బుతో వేయించినవని చెప్పి, రెండూ గోనెసంచిలో చుట్టించుకుని స్కూటరు ముందు పెట్టుకుని వెళ్ళిపోయారు. సంచి అంచుకి గ్రీజు, గ్రీజు పక్కన తెల్ల పంచె. నేను హెచ్చరించలేదు.

సత్యవేణి గారు వెనక సీట్లో కూర్చున్నారు. నూకరాజు నడిపాడు, నేను ముందు కూర్చున్నాను. కాలవ వంతెన మీదికి ఎక్కించమని, కాలు పూర్తిగా నొక్కమని చెప్పాను. కారు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ సీటు అంచు మీద చెయ్యి పెట్టి ఉంచారు, దడ వస్తే తెలియడానికి. వంతెన దిగాక, “ఇంకోసారి ఎక్కించు నూకరాజూ” అన్నారు. ఇంకోసారి ఎక్కించాడు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ కారు ఆ తరవాత చాలా ఏళ్ళు రాజోలు స్టాండులో ఉంది. మురమళ్ళకి ఎన్ని కుటుంబాలని తీసుకెళ్ళిందో నాకు తెలీదు. నూకరాజే నడిపాడు. ఆవిడ అతన్ని తియ్యలేదు. పొద్దున్న మొదటి బేరం లెక్క మాత్రం ఇంటికొచ్చి చెప్పమన్నారట.

లెక్క

రెండువేల సంవత్సరం తరవాత కార్లు మారాయి. ఇప్పుడు ఓ చిన్న పెట్టె తీగ తగిలిస్తే తన జబ్బు కారే చెబుతుందని కుర్రాళ్ళు నాకు పాఠం చెబుతారు. చెబుతుంది, నేను కాదనను. నేనూ ఆఖరు ఏళ్ళలో అలాంటి పెట్టె ఒకటి అరువు తెచ్చుకుని వాడాను. కాని ఆ పెట్టె చెడిపోయినదాన్ని చెబుతుంది. ఏదీ చెడిపోకుండా వణికే కారు దగ్గర అది కూడా నూకరాజులాగే కప్పుకేసి చూస్తుంది. అక్కడ మీరే అడగాలి, కారు ఏం మోస్తోంది, ఎవరి కోసం మోస్తోంది అని. చెప్పకపోతే మళ్ళీ అడగాలి. గుత్త మీరు పెట్టుకోమని నేను చెప్పను. నేను పెట్టుకున్నందుకు సిగ్గూ పడను. గుత్త లేకపోతే అయిదోరోజునే చేతులెత్తేసి, సుబ్బారాయుడు గారి డబ్బు జేబులో వేసుకుని, ఆ కారు ఆయన చేతిలో పెట్టి ఉండేవాణ్ణి. నన్ను నిలబెట్టింది నిజాయితీ కాదు, మొండితనం. దానికీ ఓ పేరుండాలి కాబట్టి గుత్త అన్నాను.

ఇన్నేళ్ళుగా షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ ఆ కారు మీద నాకు వెయ్యి రూపాయలు పోయాయని చెప్పుకున్నాను. వెయ్యి అంటే వినడానికి బావుంటుంది. అసలు లెక్క ఇదీ.

ఫౌండేషన్లకి నాలుగువందల ఇరవై. క్రాసులకి మూడువందల అరవై. రాజమండ్రి లేతుకి, బస్సు చార్జీలతో కలిపి, రెండువందల యాభై. పట్టీలు తీశాక కొత్త బోల్టులకి నూట అరవై. ఇద్దరు కుర్రాళ్ళకి నూట ఎనభై. డీజిలు నూట తొంభై. అందులో నలభై అన్నయ్య బస్తాల ట్రిప్పుది, అది కొట్టు పద్దులోకి వెళ్ళాలని నేనంటాను. జబ్బు ఆ ట్రిప్పులోనే దొరికింది కాబట్టి అది కారు పద్దేనని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. ఆ నలభై ఇంతవరకూ ఇవ్వలేదు.

సత్యవేణి గారు ఇచ్చింది పదిహేను వందలు. నా లెక్కలో ఇరవై పోయింది, అన్నయ్య లెక్కలో అరవై. ఈ రెండింట్లోనూ నా కూలి వెయ్యలేదు.